జర్మనీ పోయి ప్యాసింజర్ ఎక్కుడేంది?

2025 జూన్‌లో జర్మనీ నుంచి తిరిగొచ్చిన మర్నాడు, చాక్లెట్ల డబ్బా ఇద్దామని కింది ఫ్లాట్ ఆంటీ వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ చాయ్ ఇచ్చి, కూర్చోబెట్టి అన్నీ అడిగింది. చలి ఎంత, అన్నం దొరికిందా, అమ్మ నడవగలిగిందా, అన్నీ. ఆఖర్న, "అక్కడ రైళ్ళు మస్తు స్పీడ్ పోతయట గద, ఎక్కిన్రా?" అంది.

"లేదాంటీ, మేం తిరిగింది ఎక్కువగా లోకల్ బండ్లలోనే. మన ప్యాసింజర్లలాంటివి."

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. "అంత దూరం పొయ్యి ప్యాసింజర్ ఎక్కుడేందమ్మా? పైసలు తక్కువ పడ్డయా?"

నవ్వేసి వచ్చేశాను గానీ, ఆ ప్రశ్న నాతోపాటు మెట్లెక్కి పైకొచ్చేసింది. మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక టూర్ ప్యాకేజీ కాగితం పెట్టారు. పన్నెండు రోజులు, ఎనిమిది దేశాలు. దాని కింద ఇంకొకరు, "మీరు సొంతంగా వెళ్ళొచ్చారు కదా, రైలు పాస్ కొనాలా, విడిగా టికెట్లు కొనుక్కోవాలా?" అని నన్ను అడిగారు. జవాబు టైపు చేయడం మొదలుపెడితే అది గ్రూపులో పట్టేది కాదని అర్థమైంది. అందుకే ఇక్కడ.

నా మాట ముందే చెప్పేస్తాను. పరాయి దేశం వెళ్ళినప్పుడు ఎనిమిది చోట్లకి పరిగెత్తే బదులు ఒక ప్రాంతాన్ని ఎంచుకుని, ఆ ప్రాంతం వాళ్ళు రోజూ ఎక్కే బండ్లలో, ఆ ప్రాంతపు టికెట్‌తో తిరగాలి. చవక అని కాదు. చవక కూడా అవుతుంది, కానీ నాకు కనిపించిన కారణాల్లో అది ఆఖరిది. ఈ మాట మీద నాకే అనుమానాలున్నాయి, అవీ చెప్తాను. కొన్నిటికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

వెళ్ళింది నేను, మావారు, అమ్మ. అక్క కొడుకు అప్పుడు అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. మే ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా మ్యూనిక్‌లోనే మకాం.

పలుపు తాడు

టికెట్టంటే పలుపు తాడులాంటిది. రైలువాడు మనల్ని ఏదో ఒక గుంజకి కట్టకుండా టికెట్ ఇవ్వడు. ఏ గుంజకి కట్టాడు, తాడు ఎంత పొడుగు ఇచ్చాడు అన్నదే చూసుకోవాలి. మనం మాత్రం రేటు చూసి కొనేస్తాం.

ముందుగా కొనుక్కునే చవక ఎక్స్‌ప్రెస్ టికెట్ మనల్ని ఒక్క బండికి కట్టేస్తుంది. పొద్దున 10:23 బండి అంటే 10:23 బండే. లిఫ్ట్ పనిచేయక సూట్‌కేసు మోసుకుంటూ రెండు నిమిషాలు ఆలస్యంగా ప్లాట్‌ఫామ్ మీదకి చేరితే, ఆ టికెట్ పుస్తకంలో గుర్తు పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. జర్మనీలో ఒక్క మినహాయింపు ఉంది. వాళ్ళ ఆలస్యం వల్లే మనం గమ్యానికి 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో లేటుగా చేరేట్టుంటే ఆ కట్టు విప్పేస్తారు, వేరే బండి ఎక్కొచ్చు. మన ఆలస్యానికి మాత్రం క్షమాపణ లేదు.

ప్రాంతీయ టికెట్ అలా కాదు. అది బండికి కట్టదు, ఒక రాష్ట్రానికో, ఒక రోజుకో, ఒక రకం బండ్లకో కడుతుంది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రమంతా చెల్లే బేయర్న్ టికెట్ ఉంది. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్ళొచ్చు, మనిషికింత అని కొంచెం కొంచెం పెరుగుతుంది. రోజంతా ఎన్ని లోకల్ బండ్లయినా ఎక్కి దిగొచ్చు, సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా కూడా. అమ్మకి ఇది చాలాసేపు మింగుడుపడలేదు. "లోకల్ టికెట్ మీద వేరే దేశమా?" అని మూడుసార్లు అడిగింది. (పాస్‌పోర్టులు మర్చిపోవద్దు. తిరిగొచ్చేటప్పుడు జర్మనీ పోలీసులు బండెక్కి చూస్తారు.)

దానికీ ఒక ముడి ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా అది పొద్దున తొమ్మిదికి గానీ మొదలవదు. ఆఫీసుకెళ్ళే జనం బండ్లలో టూరిస్టులు ఎక్కి కూర్చోకుండా. మొదటి రోజు మేం ఉత్సాహంగా 8:35కే స్టేషన్‌కి వెళ్ళిపోయాం. ఎదురుగా బండి ఉంది, ఖాళీగా ఉంది, మేం వెళ్ళాల్సిన ఊరికే వెళ్తోంది. మావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి పిన్నీ, తొమ్మిది కాలేదు." అమ్మ వాడి మొహం, గడియారం మార్చి మార్చి చూసి, "ఇక్కడా రాహుకాలం చూస్తారుట్రా?" అంది. ఆ తర్వాత ఆ వారమంతా మా ఇంట్లో దాని పేరు రాహుకాలం టికెట్టే.

ఇంకో ముడి, ప్రయాణం చేసేవాళ్ళ పేర్లు టికెట్ మీద రాయాలి. లేకపోతే పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు వాడేసుకుంటారని. నావీ మావారివీ ఇంగ్లీషులో రాశాను. అమ్మ పెన్ను తీసుకుని తన పేరు తెలుగులో రాసేసింది. నేను గాభరా పడ్డాను. గంట తర్వాత టీసీ వచ్చింది, ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. ఆ పేరు దగ్గర ఆగి, టికెట్‌ని కొంచెం పక్కకి తిప్పి చూసింది. ఏదో బొమ్మ వేసి ఉందనుకుందేమో. అమ్మ వేలితో తన గుండె మీద తట్టుకుంది, నేనే అన్నట్టు. ఆ అమ్మాయి నవ్వి, ముద్ర కొట్టి వెళ్ళిపోయింది.

ఇటలీలో ముడి ఇంకో రకం. అక్కడ ప్రాంతీయ బండ్ల ఛార్జీ దూరాన్ని బట్టే, నెల ముందు కొన్నా అప్పటికప్పుడు కొన్నా అంతే. కానీ కాగితం టికెట్ అయితే బండెక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గరున్న మిషన్లో పెట్టి తేదీ, టైము అచ్చు వేయించుకోవాలి. వేయించుకోకపోతే, డబ్బు కట్టి కొన్న టికెట్ చేతిలో ఉన్నా ఫైనే. మావారి ఆఫీసులో ఒకాయన ఇలాగే కట్టి వచ్చి, "మోసం, పక్కా మోసం" అని ఇప్పటికీ తిడుతుంటాడు. మోసం కాదు. ఏ బండికీ కట్టని టికెట్ ఎప్పుడు మొదలైందో ఎక్కడో ఒకచోట గుర్తు పడాలి కదా, లేకపోతే అదే టికెట్ రేపూ పనికొస్తుంది. మన రైల్వే ఇదే చిక్కుని ఇంకోలా తీర్చింది. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ కొంటే మూడు గంటల్లో బయల్దేరాలి. తాళం ఒకటే, ఒక్కొక్కరు ఒక్కో చెవి చేయించుకున్నారు.

పాస్ సంగతి అడిగారు కాబట్టి అదీ. యూరప్ బయటివాళ్ళ కోసమని 1959 నుంచి ఉన్న యూరైల్ పాస్ చేతిలో ఉంటే ఏ బండి అయినా ఎక్కేయొచ్చని మనవాళ్ళ నమ్మకం. ఫ్రాన్స్‌లో టీజీవీ అనే వేగపు బండ్లు, ఇటలీలో అలాంటివే ఎక్కాలంటే పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి మళ్ళీ డబ్బు కట్టాలి. ఏ బండ్ల కోసం పాస్ కొన్నామో వాటికే మళ్ళీ కడతామన్నమాట. నెమ్మది బండ్లకి ఆ గొడవ లేదు.

తప్పు బండి

నా అభిప్రాయం పుస్తకాలు చదివి వచ్చింది కాదు. తప్పు పెట్టెలో కూర్చోవడం వల్ల వచ్చింది.

ఆ రోజు టెగర్న్‌జే అనే సరస్సు చూద్దామని బయల్దేరాం. మావాడికి పరీక్ష, రాలేదు. మ్యూనిక్ నుంచి గంట ప్రయాణం. బండి మధ్యలో షాఫ్ట్‌లాఖ్ అనే చిన్న స్టేషన్లో రెండుగా విడిపోతుందని, సగం టెగర్న్‌జేకి, సగం లెంగ్రీస్ అనే ఊరికి వెళ్తుందని పెట్టె మీద బోర్డు చెప్తూనే ఉంది. పెట్టెలోని స్పీకరు కూడా చెప్తూనే ఉంది, జర్మన్‌లో. మేం ముగ్గురం పులిహోర డబ్బా ఎవరి సంచిలో ఉందో వెతుక్కుంటున్నాం.

షాఫ్ట్‌లాఖ్ దాటాక మావారు ఫోన్‌లో మ్యాప్ చూసి, "మనం సరస్సు వైపు వెళ్ళట్లేదే" అన్నారు. టెన్షన్‌తో నాకు చెమటలు పట్టాయి. మన బుర్రలో తప్పు బండి అంటే ఒక లెక్క ఉంటుంది. టికెట్ చెల్లదు, టీసీ పట్టుకుంటాడు, ఫైన్ కట్టాలి, వెనక్కి వెళ్ళే బండికి మళ్ళీ కొనాలి, అందరి ముందూ తలవంపు. రెండు నిమిషాలు పట్టింది గుర్తు రావడానికి: మా టికెట్ ఏ బండిదీ కాదు. కాబట్టి ఏ బండీ తప్పు బండి కాదు.

లెంగ్రీస్‌లో దిగాం. ఊరి పక్కనుంచి ఈజార్ నది పారుతుంది, మ్యూనిక్ మధ్యలోంచి పోయేది అదే. ఇక్కడ కొండల్లోంచి అప్పుడే దిగి వస్తోంది కాబట్టి నీళ్ళు అదో పచ్చటి తెలుపు. గులకరాళ్ళ ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. అమ్మ చెప్పులు విప్పి కాళ్ళు నీళ్ళల్లో పెట్టి, "అబ్బో" అని వెంటనే తీసేసింది. పక్కన ఒక ముసలాయన కుక్కతో వచ్చి మా డబ్బాలోకి చూసి ఏదో అన్నాడు, అమ్మ తెలుగులో ఏదో జవాబిచ్చింది, ఇద్దరికీ బాగానే నడిచింది. రెండు గంటలకి లేచి, షాఫ్ట్‌లాఖ్ దాకా వెనక్కొచ్చి, బండి మారి సరస్సుకీ వెళ్ళాం. సరస్సు బాగుంది. పోస్టుకార్డులో ఎలా ఉందో అలాగే ఉంది.

అదే బండికి కట్టిన టికెట్ అయివుంటే ఆ రెండు గంటలూ నేను ఎవరి తప్పో తేల్చడంలో గడిపేదాన్ని. మా ఇంట్లో ఆ పంచాయితీ ఎలా నడుస్తుందో నాకు తెలుసు.

మావారికి ఇంకోటి నచ్చింది. మ్యూనిక్ నుంచి న్యూరెంబర్గ్‌కి ఇంగోల్‌స్టాట్ మీదుగా ఒక ప్రాంతీయ బండి ఉంది. వేగపు బండ్ల కోసం వేసిన పట్టాల మీదే ఇదీ పోతుంది, గంటకి 190 కిలోమీటర్ల దాకా. మన వందే భారత్‌ని 160 దాటి నడపడం లేదు. ఆంటీకి ఈ లెక్క చెప్తే, "అయితే గది ప్యాసింజర్ ఎట్లయితది?" అంది. నిజమే, పేరు దగ్గరే తేడా ఉంది. మనం ప్యాసింజర్ అంటే ప్రతి స్టేషన్లో ఆగి, ప్రతి ఎక్స్‌ప్రెస్‌కీ దారిచ్చే బండి అనుకుంటాం. అక్కడ ఆ మాటకి అర్థం, రిజర్వేషన్ అడగని బండి.

ఆంటీ మాటలో నిజం

ఇప్పుడు అసలు వాదన. ఆంటీ ఆ రోజు ఇంకో మాట కూడా అంది. "జిందగీల ఒక్కసారి పోతం. మంచిగ పోవాలె గద." దీన్ని కొట్టిపారేయలేను. అమ్మకి 68. తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు, అందుకని అమ్మ చిన్నప్పుడు పాస్ మీద దేశమంతా తిరిగింది, పెళ్ళయ్యాక మాత్రం తిరుపతి దాటి వెళ్ళలేదు. ఆమెకి మళ్ళీ ఈ అవకాశం వస్తుందో రాదో. అలాంటి మనిషిని మెత్తటి సీటులో కూర్చోబెట్టి తిప్పాలా, సైకిళ్ళ మధ్య నిలబెట్టాలా?

నిలబెట్టాను. ఒక శనివారం నాడు ఫ్యూసెన్ వెళ్ళే బండిలో. నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట అక్కడే కాబట్టి మ్యూనిక్‌లో ఉన్న టూరిస్టులందరూ ఆ రెండు గంటల బండిలోనే ఉన్నారనిపించింది. రిజర్వేషన్ లేదంటే అందరికీ లేదు. ఒక కుర్రాడు లేచి సీటిచ్చాడు కాబట్టి సరిపోయింది, ఇవ్వకపోతే నా సిద్ధాంతం ఆ రోజే ముగిసేది.

ఇంకో రోజు సగం దారిలో పట్టాల పని జరుగుతోందని బండి ఆపేసి అందర్నీ బస్సు ఎక్కమన్నారు. ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే బాణం గుర్తు ఒకటి స్టేషన్ బయట ఉంది, దాని పక్కనే ఇంకో వైపు చూపించే ఇంకో బాణం ఉంది. సామాన్లతో నలభై నిమిషాలు నిలబడ్డాం. ఏసీ బస్సులో తిరిగే ప్యాకేజీ వాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళ వెంట వంటవాడు కూడా ఉంటాడు. రోజూ బయటి తిండి పడని పెద్దవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ రాయనిది, బాత్‌రూమ్. అమ్మకి షుగరు. ప్రాంతీయ బండ్లలో బాత్‌రూమ్ ఉంటుంది. మ్యూనిక్ ఎస్‌బాన్, అంటే మన హైదరాబాద్ ఎంఎంటీఎస్‌లాంటి లోకల్ బండ్లలో, ఉండదు. మొదటి రోజు తెలియక ఎక్కాం. మధ్యలో ఒక స్టేషన్లో దిగి, కాఫీ షాపు వెతికి, కాఫీ కొని, తాళంచెవి అడిగి... ఆ తర్వాత నేను ఏ బండి ఎక్కాలన్నా ముందు అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు టికెట్ రూల్స్ కంటే ముందు ఇది తెలుసుకోండి.

దూరం విషయంలో కూడా నా మాటకి హద్దుంది. మ్యూనిక్ నుంచి బెర్లిన్‌కి 2017 డిసెంబర్‌లో కొత్త లైను పూర్తయ్యాక వేగపు బండ్లలో అన్నిటికన్నా తొందరగా పోయేది నాలుగు గంటల్లోపే చేరుస్తుంది. లోకల్ బండ్లు మారుతూ వెళ్తే తొమ్మిది, పది గంటలు. మావాడు ఒకసారి అలా వెళ్ళాడు, గొప్పగా చెప్పుకుంటాడు. వాడికి ఇరవై మూడేళ్ళు, నడుం ఉందని కూడా తెలియదు. మాలాంటి వాళ్ళు అలాంటి పని చేయకూడదు. దూరం పోవాల్సివస్తే వేగపు బండికి ముందే కొనుక్కోండి, గుంజకి కట్టించుకోండి, తప్పులేదు. నేను చెప్పేది దిగాక తిరిగే తిరుగుడు గురించి.

మరి "జిందగీల ఒక్కసారి"కి నా జవాబేంటి? సగమే ఉంది. అమ్మని ఇప్పుడు జర్మనీ ఎలా ఉందని అడిగితే కోట గురించి ఒక్క ముక్క చెప్తుంది. లెంగ్రీస్ గురించి, పెన్నుతో పేరు రాయడం గురించి, ఎదురు సీటులో స్వెటర్ అల్లుతూ కూర్చున్నావిడ కుట్టు చూపించిన సంగతి గురించి అరగంట చెప్తుంది. కానీ ఆ కుర్రాడు సీటివ్వకపోతే ఏం చెప్పేదో నాకు తెలియదు.

వాళ్ళ సబ్సిడీ, మన గొణుగుడు

జూన్ ఒకటి నుంచి మేం డాయిచ్‌లాండ్ టికెట్‌కి మారాం. అప్పుడు నెలకి 58 యూరోలు, యూరో వంద రూపాయలనుకుంటే 5,800. దేశమంతా ప్రాంతీయ బండ్లు, ఎస్‌బాన్, మెట్రో, ట్రాము, సిటీ బస్సు, అన్నిట్లో చెల్లుతుంది. దూరం పోయే వేగపు బండ్లలో చెల్లదు. క్యాలెండర్ నెల లెక్క కాబట్టే మే ఆఖరి వారం రోజుకో టికెట్ కొని, ఒకటో తారీఖు దాకా ఆగాం. అది చందా పద్ధతి. ఆ నెల పదో తారీఖులోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా లాగేస్తారు. మేం కొన్న రోజే రద్దు చేసేశాం, మావాడు పక్కన కూర్చుని చేయించాడు.

దీన్ని ఇక్కడి వాళ్ళకి వివరించడం చాలా తేలిక. మా పనమ్మాయికి ఒక్క నిమిషంలో అర్థమైంది. "మన జీరో టికెట్ లెక్కనే. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ నడుస్తది, లగ్జరీ నడువది, గంతే గద" అంది. అంతే. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం సరిగ్గా ఇదే గీత గీసింది. రోజూ ఎక్కే బండి అందరిదీ, సుఖం కావాలంటే మీ డబ్బు. తేడా ఏమిటంటే అక్కడ అప్పుడు 58 యూరోలు, ఇక్కడ సున్నా.

ఇక్కడే మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. మావారు జీరో టికెట్ మొదలైన రోజు నుంచీ, "ఉచితాలు పంచి రాష్ట్రాన్ని ముంచుతున్నారు" అని గొణుగుతూనే ఉన్నారు. డాయిచ్‌లాండ్ టికెట్‌ని మాత్రం "ఏం సిస్టం అండీ!" అని పొగిడారు. దాని వల్ల వచ్చే నష్టం పూడ్చడానికి జర్మనీ కేంద్ర ప్రభుత్వం ఏటా 150 కోట్ల యూరోలు, రాష్ట్రాలు కలిసి ఇంకో 150 కోట్లు ఇస్తున్నాయని మావాడు చెప్పాడు. అంటే అక్కడ పన్ను కట్టే జనం సొమ్ముతో మేం ముగ్గురం పన్నెండు గంటల దూరం విమానంలో వెళ్ళి చవగ్గా సరస్సులు చూసొచ్చాం. ఇక్కడ పొద్దున్నే నాలుగిళ్ళల్లో పనికి పోయే మనిషి ఎక్కే బస్సు మీద ఏడుస్తాం.

ఈ మాట అన్నందుకు రెండు రోజులు ఇంట్లో మౌనవ్రతం. అయినా నా అనుమానం మావారి మీద కాదు, నా మీదే. టూరిస్టులు అలాంటి టికెట్లు వాడొచ్చా? రూలు వాడొచ్చనే అంటోంది, ఎవరికైనా అమ్ముతారు. మేం హోటల్‌కి, తిండికి కట్టిన పన్నులూ ఉన్నాయి. కానీ ఆ శనివారం ఫ్యూసెన్ బండిలో, కూరగాయల సంచితో ఎక్కలేక వెనక్కి తగ్గిన ఒక పెద్దావిడని చూశాను. ఆ బండి ఆవిడది. ఆ తర్వాత శని, ఆదివారాల్లో పేరున్న చోట్లకి వెళ్ళడం మానేశాం. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

పాత లెక్కలు

ఇంకొక్క జాగ్రత్త చెప్పి ముందుకెళ్తాను. ఈ టికెట్ల మీద ఎవరు రాసింది చదివినా తేదీ చూసుకోండి. డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. జపాన్ వెళ్ళే మనవాళ్ళు ఇప్పటికీ పాత వీడియోలు చూసి ఏడు రోజుల జేఆర్ పాస్ అనే రైలు పాస్ కొనాలనుకుంటారు. 2023 అక్టోబర్‌లో అది 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000కి పోయింది. అప్పట్నుంచి ఒసాకా, క్యోటో చుట్టుపక్కలే తిరిగేవాళ్ళకి అది చాలావరకు దండగే, ఆ ప్రాంతం వరకే చెల్లే చిన్న పాస్‌లో విడి టికెట్లో మేలు. అక్కడే లోకల్ బండ్లకి మాత్రమే పనికొచ్చే సెయిషున్ 18 అనే టికెట్ 1982 నుంచి ఉంది. పేరులో పద్దెనిమిది ఉన్నా వయసు పట్టింపు లేదు. ఇదివరకు ఐదు రోజులు ఎప్పుడంటే అప్పుడు, ఎవరితో అంటే వాళ్ళతో పంచుకునేవాళ్ళు. 2024 చలికాలం నుంచి వరసగా వాడాలి, ఒక్కరే వాడాలి. తాడు కురచ చేశారు.

ఈ వ్యాసం కూడా ఏడాదికి పాతదైపోతుంది.

మరి ఇక్కడ?

ఆంటీ ప్రశ్న అంతగా ఎందుకు గుచ్చుకుందో ఆలోచిస్తే తెలిసింది. తార్నాకలో పుట్టి పెరిగిన దాన్ని, ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్ మా ఇంటికి దగ్గరే. ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైనప్పుడు ముచ్చటపడి ఎక్కాను. ఆ తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ కారు తీసే మనిషిని అక్కడ లోకల్ బండి గొప్పదనం మీద ఇంత పొడుగు రాస్తున్నాను. దూరపు కొండలు నునుపంటారు, నాకు దూరపు ప్యాసింజర్లు నునుపయ్యాయా?

కొంత అదే కావచ్చు. కానీ ఇంకోటుంది, అది రాస్తూ రాస్తూ ఇప్పుడే తేలింది. లెంగ్రీస్‌లో నేను అంత నిశ్చింతగా కూర్చోవడానికి కారణం టికెట్ ఒక్కటే కాదు. గంట తర్వాత ఇంకో బండి ఉంటుందని తెలుసు, ప్రతి గంటకీ అదే నిమిషానికి. స్విట్జర్లాండ్ 1982లో దేశం మొత్తానికి ఈ పద్ధతి పెట్టింది. పొద్దున 8:12కి బండి ఉంటే 9:12కీ, 10:12కీ ఉంటుంది, ఇక టైమ్‌టేబుల్ బట్టీ పట్టక్కర్లేదు. బండి తప్పితే కాఫీ తాగుతాం, అంతే. మనకి జనరల్ టికెట్ కూడా బండికి కట్టనిదే, తాడు పొడుగైనదే. కానీ మధ్యాహ్నం ప్యాసింజర్ తప్పితే తర్వాతది సాయంత్రమైతే, ఆ టికెట్ ఎంత స్వేచ్ఛ ఇస్తే ఏం లాభం? పలుపు పొడుగ్గానే ఉంది, మేత లేదు. మనవాళ్ళు ప్యాసింజర్ అనగానే మొహం చిట్లించేది చిన్నచూపుతో అనుకునేదాన్ని. చాలామందికి అది ప్లాట్‌ఫామ్ మీద కూర్చున్న గంటల జ్ఞాపకం.

కాబట్టి గ్రూపులో అడిగినవాళ్ళకి నా జవాబుని కొంచెం సవరించుకుంటున్నాను. వెళ్ళే ముందు టికెట్ రేటు చూడకండి, మీరు చూడాలనుకునే ఊళ్ళకి రోజుకి ఎన్ని బండ్లున్నాయో, ఆఖరిది ఎప్పుడో చూడండి. గంటకొకటి ఉంటే ప్రాంతీయ టికెట్ కళ్ళు మూసుకుని కొనండి. రోజుకి మూడే ఉంటే కారు అద్దెకి తీసుకోండి, లేదా ఆ ప్యాకేజీ వాళ్ళతోనే వెళ్ళండి, ఎవరూ ఏమీ అనుకోరు.

రైలు, బస్సు ఒకే చేతి కింద ఉండాలన్న ఆలోచన మనకి కొత్త కూడా కాదు. 1932లో నిజాం రైల్వే వాళ్ళే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. మన ఆర్టీసీ అందులోంచి వచ్చిందే. ఇప్పుడు మెట్రోకి ఒక టికెట్, ఎంఎంటీఎస్‌కి ఒకటి, బస్సుకి ఇంకొకటి. తాతయ్య ఉంటే ఈ మాట మీద ఒక గంట మాట్లాడేవారు.

ఇది రాస్తుండగా మావాడు ఫోన్ చేశాడు. చదువైపోయింది, ఉద్యోగం దొరికింది, ఇల్లు మారాడట, ఈసారి వస్తే అక్కడే ఉండొచ్చు అన్నాడు. "టికెట్ 63 చేశారు పిన్నీ, అయినా లాభమే" అని లెక్క చెప్పబోయాడు. అమ్మ పక్కనుంచి ఫోన్ లాక్కుంది.

"లెక్కలు తర్వాత గానీ, ఆ రోజు మేం కూర్చున్నది ముందు పెట్టెలోనా, వెనక పెట్టెలోనా? అది కనుక్కుని రాసి పెట్టరా. మళ్ళీ అందులోనే కూర్చుంటాను" అంది.